గవ్వలపేట షెల్టరు తలుపు

తుఫాన్లకి క్రమశిక్షణ లేదన్న సంగతి మార్తాండరావు గారిని ఎంతో కాలంగా బాధపెడుతోంది. ఆయన రాష్ట్ర తుఫాను క్రమబద్ధీకరణ మండలికి చైర్మన్. అలాంటి మండలి ఒకటి ఉందని సముద్రం ఒడ్డున బతికే జనానికి తెలియదు గాని, దానికి నగరంలో పెద్ద మేడ ఉంది, మేడలో సమావేశ మందిరం ఉంది, మందిరంలో మనుషులు శాలువా కప్పుకుని కూర్చోవలసినంత చల్లదనం ఉంది. అందులో కూర్చుని ఆలోచిస్తే మన తుఫాన్ల నడవడిక నిజంగానే సిగ్గుచేటుగా తోస్తుంది. ఒకటి మే నెలలో వస్తుంది, ఇంకొకటి అక్టోబరులో వస్తుంది. ఇక ఈ ఏటికి గండం గడిచిందని ఫైళ్ళు కట్టకట్టి బీరువాలో పెట్టాక మరొకటి డిసెంబరులో ఊడిపడుతుంది. ముందు కబురు పెట్టదు, వచ్చాక మాట వినదు, పోయేటప్పుడు చెప్పి పోదు.

ఈ జబ్బుకి మందు ఆయనకి దక్షిణార్ధగోళంలో దొరికింది.

భూమధ్యరేఖకి అవతల నడిసముద్రంలో ఉన్న ఒక చిన్న ద్వీపదేశానికి మండలి సభ్యులు అధ్యయన యాత్రకి వెళ్ళారు. అక్కడ తుఫాన్ల కాలం నవంబరులో మొదలై ఏప్రిల్ నెలాఖరుతో ముగుస్తుందని, ఆ మేరకు గోడమీది క్యాలెండరులో రంగు కూడా వేసి ఉంటుందని తెలిసి మార్తాండరావు గారి కళ్ళు చెమర్చాయి. ఆ దేశపు అధికారి పాపం వివరంగానే చెప్పాడు. అది మాకు ఎండాకాలం, సముద్రం వేడెక్కేది అప్పుడే, అందుకని తుఫాన్లు అప్పుడు ఎక్కువ, అలాగని మిగతా నెలల్లో రాకుండా పోవు, మేం ఏడాది పొడవునా కనిపెట్టుకునే ఉంటాం అన్నాడు. ఆ చివరి మాటలు అనే సమయానికి మనవాళ్ళు కొబ్బరిచెట్ల కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

అక్కడే ఇంకో విశేషం తెలిసింది. భూమికి దక్షిణపు సగంలో తుఫాను గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. అంటే గుడి చుట్టూ మనం తిరిగే వైపు. మన బంగాళాఖాతంలో తుఫాను దానికి ఎదురు వైపు తిరుగుతుంది. బడిపిల్లల పుస్తకాల్లో కూడా ఉండే సంగతే ఇది. మార్తాండరావు గారికి మాత్రం ఇందులో భూగోళం కనిపించలేదు, మర్యాద తప్పడం కనిపించింది.

తిరిగొచ్చిన వారంలోనే సమావేశం పెట్టారు.

"అక్కడి తుఫాను ప్రదక్షిణం చేస్తుందండీ!" అన్నారాయన బల్ల మీద చెయ్యి వేసి. "సంస్కారం ఉన్న తుఫాను. మరి మనది? అప్రదక్షిణం! చితి చుట్టూ తిరిగినట్టు తిరుగుతుంది. అలా తిరిగేది ఊళ్ళు ముంచక ఇంకేం చేస్తుంది?"

సభ్యులు అవునవునన్నారు. ఒకాయన నాలుక కరుచుకున్నాడు కూడా, ఇన్నేళ్ళూ ఈ అపచారం గమనించనందుకు.

"కావున ఇకమీదట మన రాష్ట్రంలో దక్షిణార్ధగోళ పద్ధతి అమలు చేయడం జరుగుతుంది. నవంబరు ఒకటిన తుఫాను కాలం ప్రారంభం. ఏప్రిల్ ముప్పయిన సమాప్తం. ఈ మధ్యకాలంలో షెల్టర్లు తెరిచి ఉంచబడును. సమాప్తం అనంతరం మూసి, తాళం వేసి, లక్కతో ముద్ర వేయబడును. ఎప్పుడు పడితే అప్పుడు తలుపులు తెరిచి ఉంచబట్టే కదా, తుఫాన్లు ఎప్పుడు పడితే అప్పుడు రావడం నేర్చుకున్నాయి?"

చివరి వరుసలో కూర్చుని ఈ మాటలన్నీ రాసుకుంటున్న సీనియర్ అసిస్టెంటు సన్యాసిపాత్రుడు అప్పటిదాకా ఉద్యోగంలో ఒక్క ప్రశ్న కూడా అడిగి ఎరగడు. ఆ రోజు ఏం పూనిందో తల ఎత్తాడు.

"అక్కడ ఎండాకాలమప్పుడు మనకి చలికాలం కదండీ సార్?"

గదిలో ఉన్నవాళ్ళందరూ అతనివైపు తిరిగి చూశారు. మార్తాండరావు గారు కోపం తెచ్చుకోలేదు. తెలివితక్కువ వాళ్ళ మీద ఆయనకి ఎప్పుడూ జాలే.

"పాత్రుడు గారూ, అక్కడ ఏప్రిల్ వచ్చినప్పుడు ఇక్కడ ఏ నెల వస్తుంది?"

"ఏప్రిలేనండి."

"క్యాలెండరు ఒకటే అయినప్పుడు తుఫాను మాత్రం రెండు రకాలుగా ఎందుకు ఉండాలి? మీకు తీరప్రాంతం అనుభవం బొత్తిగా లేనట్టుంది. అది మండలి బాధ్యత. కల్పిస్తాం."

కల్పించారు. నవంబరు వచ్చేసరికి సన్యాసిపాత్రుడు గవ్వలపేట తుఫాను షెల్టరుకి ఇన్‌ఛార్జిగా వెళ్ళాడు. పెళ్ళాం, పదో తరగతి చదివే కూతురు నగరంలోనే ఉండిపోయారు. ఏడాదిపాటు తలుపు విషయంలో మాట రాకుండా పనిచేస్తే హెడ్డాఫీసుకి తిరిగి తీసుకుంటామని, మాట వస్తే అసలు ఉద్యోగమే ఉండదని చెప్పి మరీ పంపారు. అందుకని అతను తాళంచెవిని తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాడు. స్నానం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదు.

గవ్వలపేట జాలరుల ఊరు. ఇసకదిబ్బకి ఇవతల తాటాకు ఇళ్ళు, రేకుల ఇళ్ళు, ఊరి చివర ఉప్పునీటి కాలవ, కాలవ దాటితే షెల్టరు. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన సిమెంటు మేడ. మెట్లెక్కి వెళితే రెండు రెక్కల ఇనప తలుపు. గాలి ముదిరితే పిల్లల్ని, మేకల్ని, బియ్యం మూటల్ని పట్టుకుని ఊరంతా అందులోకి ఎక్కుతుంది. అదొక్కటే ఊళ్ళో ఉప్పెనకి అందని చోటు.

వెళ్ళిన కొత్తలోనే మండలి వారు కవాతు పెట్టారు. నగరం నుంచి ఈల పట్టుకుని ఒక అధికారి వచ్చాడు. జనం షెల్టరు చుట్టూ ప్రదక్షిణంగా మూడుసార్లు తిరిగి, అప్పుడు మెట్లెక్కాలన్నాడు. తుఫానుకి మంచి అలవాట్లు రావాలంటే ముందు మనకి రావాలట.

చేపలమ్మే గరికిన పోలమ్మ నెత్తి మీద గంప దించకుండానే అడిగింది. ఊళ్ళో ఏ అధికారి వచ్చినా ముందు మాట్లాడేది ఆవిడే.

"గాలొచ్చీసినాక కూడా మూడు సుట్లు తిరగాలేటి బావూ?"

"నిబంధన అంతే" అన్నాడు ఈల అధికారి.

"తిరుగుతాం, దానికేటి. తిరిగినాక పులిహోరెడతారా మరి?"

జనం గొల్లున నవ్వారు. పాత్రుడికి కూడా నవ్వొచ్చింది గాని అధికారి పక్కనే ఉన్నాడని మింగేశాడు. ఊరు ఊరంతా మూడుసార్లు తిరిగింది. మేకలు మాత్రం ఎటు తోస్తే అటు తిరిగాయి.

ఆ ఏడు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బంగాళాఖాతంలో చెప్పుకోదగ్గ గాలి వీచలేదు. ఇది చాలు, మండలి వారి ఆనందానికి హద్దు లేకుండా పోయింది. ఏప్రిల్ ముప్పయిన సమాప్తి ఉత్సవానికి మార్తాండరావు గారు స్వయంగా గవ్వలపేట వేంచేశారు. షామియానా వేశారు, పూలదండలు వేశారు, సముద్రం వైపు తిరిగి కొబ్బరికాయ కొట్టారు.

"ఒక్క తుఫాను కూడా రాలేదు" అన్నారాయన మైకులో. "ఇది కాకతాళీయం అనుకుంటే పొరపాటు. ఇంతకాలం మనం తుఫానుని చూసి భయపడ్డాం. మొట్టమొదటిసారి తుఫాను నిబంధన చూసి భయపడింది. ఈ శుభసందర్భంలో తుఫాను కాలం సమాప్తమైనట్లు ప్రకటిస్తున్నాను."

తరవాత మెట్లెక్కి, తలుపు రెక్కలకి గొలుసు చుట్టి, అరచెయ్యంత తాళం వేసి, దాని మీద తన చేత్తో లక్క ముద్ర వేశారు. పాత్రుడి భుజం తట్టి, "ఈ లక్క చెక్కుచెదరకుండా చూసుకోండి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. పాత్రుడు మెళ్ళో తాళంచెవి తడుముకుని తల ఊపాడు. పెద్దవాళ్ళు చెప్తున్నారు కదా, నిజంగానే తుఫాన్లకి బుద్ధి వచ్చిందేమోనని ఆ సాయంత్రం అతనికి కాస్త నమ్మకం కూడా కలిగింది.

మే నెల సగం గడవకుండానే సముద్రం నల్లబడింది.

రేడియోలో గంటగంటకీ హెచ్చరికలు వస్తున్నాయి. వేటకెళ్ళిన పడవలు ముందురోజే ఒడ్డుకి చేరాయి. తెల్లారేసరికి గాలి ఈలలు వేస్తోంది, తాటిచెట్లు సగానికి వంగి లేస్తున్నాయి. పాత్రుడు మెట్ల మీద నిలబడి సెల్‌ఫోనులో హెడ్డాఫీసుకి చేశాడు. అదృష్టమో దురదృష్టమో, నేరుగా చైర్మన్ గారే ఎత్తారు.

"సార్, తుఫాను వస్తోందండి."

"ఇది ఏ నెల?"

"మే అండి."

"మరి?"

"రేడియోలో చెప్తున్నారు సార్. కళ్ళకీ కనపడుతోందండి."

"రేడియో వాళ్ళింకా ఉత్తరార్ధగోళంలోనే ఉన్నారయ్యా. మనం సంస్కరించుకున్నాం. కాలం కాని కాలంలో వీచేదాన్ని అనధికార గాలి అంటారు. ఆ మాటే వాడండి."

"అనధికార గాలికి ఇళ్ళ కప్పులు లేచిపోతున్నాయండి. షెల్టరు తియ్యమని జనం అడుగుతున్నారు సార్."

"తీస్తే దాన్ని మనం గుర్తించినట్టవుతుంది. ఒకసారి గుర్తిస్తే ఏటా వస్తుంది. ఆక్రమణదారుల విషయంలో కూడా ఇంతే కదా? వినండి పాత్రుడు గారూ, మీరు చూసుకోవలసింది ఒకటే. తాళం ముట్టుకోకూడదు, లక్క చెక్కుచెదరకూడదు. ఆ రెండూ సరిగ్గా ఉంటే నవంబరుకల్లా మిమ్మల్ని ఇక్కడికి తెప్పించే పూచీ నాది. చెదిరిందా, ఇక మీరు ఎక్కడికీ రానక్కర్లేదు."

ఇంకేదో చెప్పబోతుండగా ఫోను మూగబోయింది. ఎక్కడో టవరు పడిపోయి ఉంటుంది.

పాత్రుడు వెనక్కి తిరిగేసరికి మెట్ల నిండా జనం. ముసలివాళ్ళని వీపుల మీద మోసుకొచ్చారు. పిల్లల నెత్తి మీద సత్తు గిన్నెలు బోర్లించారు, రేకు ముక్కలు తగలకుండా. అందరికన్నా పైమెట్టు మీద పోలమ్మ ఉంది. చేతిలో ఆవిడ మనవరాలు, పుట్టి నెల కూడా కాలేదు, పాతచీర మడతల్లో ముక్కు ఒక్కటే కనిపిస్తోంది.

"తాళం తియ్యి బావూ. సముద్రం ఇసకదిబ్బ దాటీసింది."

"తియ్యకూడదు పోలమ్మా. ఇప్పుడే అడిగేను. తాళం ముట్టుకోవద్దన్నారు."

"నీ మెళ్ళోనే ఉంది కదేటి చెవి?"

"ఉంది. ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది."

అన్నాడే గాని, ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు అతనికే అసహ్యం వేసింది. పోలమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త బాగుండేది. ఆవిడ ముందుకు వచ్చి పసిదాన్ని అతని చేతుల్లో పెట్టేసింది.

"అయితే ఈ గుంటని కూడా నువ్వే పట్టుకో. తాళం నీకాడే, చెవి నీకాడే, ఇదీ నీకాడే ఉండనీ. మాం కిందనుంటాం."

చెప్పి, నిజంగానే మెట్లు దిగబోయింది. పాత్రుడు రెండు చేతులతో బిడ్డని పొదువుకుని తలుపువైపు చూశాడు. తాళం మీద లక్క ఎర్రగా, నిండుగా ఉంది. చైర్మన్ గారి బొటనవేలి గీతలు కూడా దాని మీద పడ్డాయి. తాళం ముట్టుకోకూడదు, లక్క చెక్కుచెదరకూడదు. అతను ఆ రెండు మాటలూ లోపల మళ్ళీ అనుకున్నాడు. తరవాత అతని చూపు తాళం నుంచి పక్కకి జరిగింది, తలుపు రెక్క అంచు దాకా వెళ్ళి, అక్కడ తుప్పు పట్టిన కీళ్ళ దగ్గర ఆగింది.

"ఆగు పోలమ్మా!" అని అరిచాడు. "దానయ్యా! ఇలా రా!"

పెద్ద పడవ నడిపే దానయ్య జనాన్ని తోసుకుంటూ పైకి వచ్చాడు.

"ఇదుగో, తాళం జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. లక్క మీద గోరు కూడా పడకూడదు. సార్ గట్టిగా చెప్పేరు" అన్నాడు పాత్రుడు. "కీళ్ళ సంగతి ఆయన ఏటీ చెప్పలేదు."

దానయ్యకి ఒక్క క్షణం పట్టింది. తరవాత మెట్ల కిందికి తిరిగి, "గడ్డపారలు తెండిరోయ్!" అని కేకేశాడు.

వల లాగడం అలవాటైన చేతులు. అటు నలుగురు, ఇటు నలుగురు పట్టి ఒకే ఊపున పెకలిస్తే ఉప్పుగాలి తినేసిన కీళ్ళు ఊడి వచ్చాయి. రెండు రెక్కలూ గొలుసుతో, తాళంతో, లక్కముద్రతో కలిపి ఒకే చెక్కలా లేచాయి. లక్క పగలకుండా మెల్లగా దించండని పాత్రుడు అరుస్తూనే ఉన్నాడు. పెళ్ళికూతురి గంపని దించినంత జాగ్రత్తగా దించారు దాన్ని. ఊరంతా లోపలికి ఎక్కాక గుమ్మానికి తెప్పదుంగలు నిలబెట్టి, వాటికి తెరచాపలు, వలలు చుట్టి గట్టిగా కట్టేశారు.

గాలి పొద్దంతా కొట్టింది. మధ్యాహ్నానికి ఉప్పెన వచ్చి స్తంభాల మధ్య నుంచి పారింది. లోపల పిల్లలు ఏడుస్తున్నారు, మేకలు అరుస్తున్నాయి, ఎవరిదో బియ్యం మూట తడిసి వాసన కొడుతోంది. పాత్రుడు గోడకి ఆనుకుని కూర్చుని పసిదాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఇవ్వమని దాని తల్లి రెండుసార్లు అడిగితే గాని తను ఇంకా పట్టుకునే ఉన్నానని అతనికి తెలియలేదు.

గాలి నిలిచాక దిగి చూస్తే గవ్వలపేటలో ఇల్లన్నది లేదు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు.

దిబ్బలపాలెంలో అలా జరగలేదు. అది గవ్వలపేటకి పక్క ఊరు. అక్కడి ఇన్‌ఛార్జి ఆదిలింగం కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, ఎవరేం చెబితే అది తు.చ. తప్పకుండా చేసే రకం. అతనూ ఫోను చేశాడు, అతనికీ ఇవే మాటలు చెప్పారు. జనం మెట్ల మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. ఉప్పెన కింది మెట్ల మీద ఉన్నవాళ్ళని లాక్కుపోయింది, వాళ్ళలో చంటిపిల్లలున్నారు. ఆదిలింగం కూడా తలుపు బయటే ఉన్నాడు, జనంతో పాటు తడుస్తూ. తాళంచెవి అతని గుప్పిట్లోనే ఉంది. మర్నాడు పాత్రుడు చూడ్డానికి వెళితే ఆ గుప్పిట ఇంకా విప్పలేదు.

మండలి ప్రకటన వెంటనే వచ్చింది. మే నెలలో తీరప్రాంతంలో కొంత అనధికార గాలి వీచినట్లు తమ దృష్టికి వచ్చిందని, తుఫాను మాత్రం లేదని, కాలం వెలుపల సంభవించిన మరణాలు మండలి పరిధిలోకి రావని, ఇళ్ళు తమ సొంత బలహీనత వల్ల కూలినవని అందులో ఉంది. ఇంత గాలిలోనూ తలుపు, తాళం, లక్క యథాతథంగా నిలిచినందుకు దిబ్బలపాలెం షెల్టరుకి ఉత్తమ షెల్టరు పురస్కారం ఇస్తున్నట్టు కూడా ఉంది. రాసినవాడికి చెయ్యి ఎలా ఆడిందో తెలియదు.

జూన్‌లో విచారణాధికారి ముకుందం గారు జీపులో వచ్చారు. ఊరి చివర కాలవ మీది పాత చెక్కవంతెన ఉప్పెనలో కొట్టుకుపోయింది. దాని చోట ఇప్పుడు ఇనప వంతెన ఉంది, రెండు పలకలది, మధ్యలో గొలుసుతో. జీపు దాని మీద దడదడమని దాటింది. ముకుందం గారు మెట్లెక్కి గుమ్మం ముందు ఆగారు.

"తలుపేదీ?"

"గాలికి పోయిందండి" అన్నాడు పాత్రుడు. ఈ మాట అతను చాలాసార్లు సాధన చేసుకున్నాడు.

"ఏ గాలికి?"

"మే నెలలో వచ్చిందాని..." 

"మే నెలలో ఏమీ రాలేదే?"

"రాలేదండి."

"మరి తలుపు ఎలా పోతుంది?"

ముకుందం గారికి చెమట పట్టింది. తలుపు గాలికి పోయిందని రాస్తే అంత గాలి వచ్చిందని రాసినట్టు. దొంగలెత్తుకుపోయారని రాస్తే, ఇనప తలుపుని ఊడబెరికి మోసుకుపోతుంటే మండలి ఏం చేస్తోందని అడుగుతారు. ఆయన పక్కకి వెళ్ళి చైర్మన్ గారికి ఫోను చేసి, చాలాసేపు చిత్తం చిత్తం అంటూ విన్నారు. తిరిగి వచ్చేసరికి మొహం తేటపడింది.

"తలుపు పోవాలంటే తుఫాను రావాలి. తుఫాను రాలేదు. కాబట్టి తలుపు ఉంది" అన్నారు.

"ఎక్కడండీ?"

"దాని స్థానంలో."

ఖాళీ గుమ్మంలోకి రెండు వేళ్ళు చాచి, గాల్లో రెండుసార్లు తట్టి, "దృఢంగానే ఉంది" అని రాసుకున్నారాయన. తరవాత ఆ ఉన్న తలుపులోంచే లోపలికి నడిచి, గది చూసి, అందులోంచే బయటికి వచ్చారు. కింద పోలమ్మ ఇచ్చిన టీ తాగి మళ్ళీ అదే వంతెన మీద వెళ్ళిపోయారు.

"బావూ, ఆయనకి కళ్ళు కనపడవేటి?" అంది పోలమ్మ.

"కనపడతాయి పోలమ్మా. ఉద్యోగం కదా" అన్నాడు పాత్రుడు. ఆ మాట తనకి కొత్త కాదు.

నవంబరు ఒకటిన ప్రారంభోత్సవం. మార్తాండరావు గారు ఖాళీ గుమ్మం ముందు నిలబడి, పాత్రుడి మెళ్ళోంచి తాళంచెవి తీసుకుని, గాల్లో నడుమెత్తున పెట్టి తిప్పారు. రెండు చేతులతో రెండు రెక్కలూ తోస్తున్నట్టు తోశారు. మండలి సభ్యులు చప్పట్లు కొట్టారు. అప్పటికే లోపల చాప పరుచుకుని వలలు కుడుతున్న జాలరులు కూడా తలెత్తి చూసి మర్యాదకి కొట్టారు. మే నెల గాలి గురించి అడిగిన ఒకాయనకి, దాన్ని రాబోయే కాలం ఖాతాలో ముందస్తుగా సర్దుబాటు చేశామని, కనుక ఈసారి గవ్వలపేటకి తుఫాను బాకీ లేదని చైర్మన్ గారు వివరించారు.

అదే వేదిక మీద ఆదిలింగానికి పురస్కారం ఇచ్చారు. శాలువా కప్పారు, ఇత్తడి తాళం బొమ్మ చేతిలో పెట్టారు. అతను దండం పెట్టలేదు, నవ్వలేదు. సభ ముగిశాక ఆ బొమ్మని చంకలో పెట్టుకుని పాత్రుడి దగ్గరికి వచ్చి, ఖాళీ గుమ్మం వైపు చాలాసేపు చూశాడు.

"అన్నా, కీళ్ళు ఊడదియ్యడానికి ఏటి వాడేరు?"

"గడ్డపారలు."

"ఎంతమంది పట్టేరు?"

"ఊళ్ళో ఎంతమంది ఉంటే అంతమంది."

ఆదిలింగం తల ఊపాడు. వెళ్తూ వెళ్తూ కాలవ దగ్గర ఆగి, వంతెన మీద వంగి మధ్యలో వేలాడే తాళాన్ని చేత్తో తడిమి చూశాడు. అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చాడు. పాత్రుడు వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

మళ్ళీ ఏప్రిల్ ముప్పయి వచ్చింది. ఆ రోజు మార్తాండరావు గారు తీరం పొడవునా పర్యటించి షెల్టర్లు మూశారు. ఎక్కడికి వెళ్ళినా ఇన్‌ఛార్జులు దండలు వేసి ఖాళీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళారు, ఆయన గాల్లో తాళంచెవి తిప్పారు. గవ్వలపేట తలుపు ఉందని కాగితం మీద తనే ఒప్పుకున్నాక ఇంకో ఊరి తలుపు లేదనడానికి ఆయనకి వీల్లేకపోయింది. పైగా అలవాటైపోయింది కూడా. కొన్నిచోట్ల తాళం బిగుసుకుందని రెండు చేతులతో తిప్పారు.

చివరికి గవ్వలపేట చేరారు. అక్కడా గాల్లో లక్కముద్ర వేశాక పాత్రుణ్ణి పిలిచి కారెక్కించుకున్నారు, కాలవ దాకా సాగనంపుతాడని.

"మీ తలుపు మీద ఇంతవరకు ఒక్క మాట రాలేదు. సంతోషం. నవంబరన్నాను గాని ఫైలు కదలడం ఆలస్యమైంది. వచ్చే నెల హెడ్డాఫీసులో చేరండి."

భార్య మొహం, కూతురి మొహం ఒక్కసారి పాత్రుడి కళ్ళ ముందుకి వచ్చాయి. తన తరవాత ఈ ఊరికి వచ్చేవాడు ఎవడో, వాడికి కళ్ళు ఎంత బాగా కనపడతాయో తెలియదు. ఒక కొత్త తలుపు బిగించడం ఎంతసేపు పని?

"ఇంకో ఏడాది ఉంటానండి. మావాళ్ళనే ఇక్కడికి తెచ్చుకుంటాను. ఈ తలుపుని ఇంకొకళ్ళకి అప్పగించాలంటే మనసొప్పడం లేదు సార్."

మార్తాండరావు గారు ముచ్చటపడ్డారు. ఇలాంటి ఉద్యోగులు ఉండబట్టే తుఫాన్లు అదుపులో ఉన్నాయని పక్కనున్న సభ్యుడితో అన్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ తీరం కూడా బాగా అభివృద్ధి చెందిందండీ. పొద్దుటి నుంచీ చూస్తున్నా, ప్రతి ఊరి కాలవకీ ఒక ఇనప వంతెన!" అని మెచ్చుకున్నారు.

కారు వంతెన ఎక్కింది. కింద ఏదో బరువుగా టంగుమని కొట్టుకుంది.

"ఏమిటా చప్పుడు?" అన్నారు మార్తాండరావు గారు.

"తాళం అండీ" అన్నాడు పాత్రుడు. "లక్క కూడా చెక్కుచెదరలేదు."